పుంజుల లెక్క

మాఘమాసంల నల్లపెట్ట కింద పదకొండు గుడ్లేసిన.
రెండు మురిగినయి. రెండు పిల్లలు పిల్లి పాలు.
మిగిలిన ఏడింట్ల ఐదు పుంజులు.
"లాటరీ టికెట్టు కొన్నా నీకు గిట్లనే తగుల్తది"
అని భూమన్న షెడ్డు నూనె చేతులు
సబ్బుతోని రుద్దుకుంట నవ్విండు.

లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక
మా పెరడు నాలుగు చీరలు పరిచినంత.
అండ్ల ఒక కర్వేపాకు చెట్టు, బట్టలుతికే బండ, రేకుల గూడు.
పాత పెట్టలు నాలుగు, కొత్తవి రెండు.
ఆరింటి మీద ఐదుగురు మొగోళ్లు.

పది పెట్టలకు ఒక పుంజు చాలని మా నాయన అంటుండె.
ఆ లెక్కన నాకు
సగం కన్నా జర ఎక్కువ పుంజు కావాలె.
సగం పుంజును ఎట్ల సాదుతరో
చెప్పకుండనే పోయిండు.

పొద్దుగాల నాలుగున్నరకు మొదటోడు.
వానికి జవాబు రెండోడు.
మూడోడు ఇద్దరికీ పోటీ.
నాలుగోని గొంతు ఇంకా విరుగుతనే ఉన్నది,
తుప్పు పట్టిన తలుపు బందు లెక్క.
అందరిదీ అయిపోయినంక, ఎవరూ అడగకున్నా, ఐదోడు.

పక్కింటి సలోమి సిస్టర్‌కు రాత్రి డ్యూటీ.
లడాయికి రాలేదామె.
చెవులకెల్లి దూది తీసి గోడ మీద పెట్టి
"అక్కా, దవాఖాన దూది ఇది. దీనికి గూడ ఆగుతలేవు" అన్నది.
గంతే. లోపలికి పోయింది.
దూది రోజంతా గోడ మీదనే ఉన్నది.

కుంపటి లేదు నా దగ్గర, ఉన్నది కోడే.
అది కూయకున్నా షెడ్డు సైరన్‌కు
లాలాగూడ తెల్లారుతదని నాకెర్కే.

అయినా నా మనసు మారింది ఆ దూదికి కాదు,
చుక్కలపెట్ట వీపు చూసినంక.
ఐదుగురి గోళ్లకు ఈకలు రాలి
తోలు ఎర్రగ తేలింది.
జాకెట్ లైనింగ్ తుంట కత్తిరించి
రెక్కల కింద లాస్టిక్ వేసి
వీపుకు ఒక తొడుగు కుట్టిన.
ముప్పై ఏండ్ల మిషిన్ల ఎందరి కొలతలు తీసిననో,
టేపు పెడితే కండ్లు మూసుకున్నది అదొక్కతే.

బర్కస్ నుంచి సాలెహ్ భాయ్ వచ్చిండు,
బిడ్డ పెండ్లి బట్టలు తీస్కపోయెటందుకు.
పెరట్లకు తొంగి చూసి, నేనడగకముందే చెప్పిండు:
"ఎవడు గట్టిగ కూస్తుండో చూడకమ్మా.
గింజ దొరికితే ఎవడు పిలుస్తుండో చూడు."

పిడికెడు జొన్నలు చల్లి బండ మీద కూసున్న.
ఎర్రోడు తోక ఇంత చేసుకొని తిన్నడు.
ఇద్దరు తినుడు మరిచి తన్నుకున్నరు.
నాలుగోడు నా చెప్పును పొడిచిండు.
వంకరవేలు ఐదోడు ఒక గింజ ముక్కున పట్టి,
కింద పెట్టి, మళ్ల పట్టి, మళ్ల పెట్టి
కొక్కొక్కొ అని గొంతు దించి పిలిచిండు.
చుక్కలపెట్ట తొడుగేసుకొని ఉరికొచ్చింది.
వానికి ఒక్క గింజ మిగలలే.

ఎర్రోడు ఆషాఢంల మైసమ్మకు.
నాలుగోడు సాలెహ్ భాయ్ సంచిల, తల బయటకు పెట్టి.
కొట్లాడినోళ్లిద్దరిని రెండు ఆదివారాలు వండిన.
భూమన్న రెండోసారి వడ్డించుకోలే.
నేను వడ్డించుకున్న. అబద్ధమెందుకు.

నెల రోజులు ఒక్కటే కూత.
సలోమి సిస్టర్ ముఖం కింద నలుపు తగ్గింది.
ఒకనాడు కేకు ముక్క పంపింది.

కొత్త పెట్టల్ల బూడిదరంగుది
వారం సంది గూడు చుట్టూ తిరుగుతుంటే
తొలి గుడ్డు పెడ్తదని
గంపల గడ్డి మార్చి మార్చి పెడ్తున్న.
ఇయ్యాల పొద్దుగాల అది
బట్టలుతికే బండెక్కింది.
మెడ సాపింది.
తుప్పు పట్టిన తలుపు బందు.

ఐదోడు తల వంచి దాని దిక్కు చూసిండు.
చీపురు చేతుల పట్టుకొని నేను పెట్టలు లెక్కపెట్టిన:
ఐదు. నాయన లెక్కకు ఇప్పుడు
సరిగ్గ సగం పుంజు.

గోడ అవతల కిటికీ రెక్క తెరుచుకున్నది.
నిద్ర జుట్టుతోని సలోమి సిస్టర్
ఏమనకుండ
రెండు వేళ్లు ఎత్తి చూపెట్టింది.